పదో తరగతి దాటాక ఎటు? పడమటి ప్రకాశంలో చదువూ కొలువూ

పదో తరగతి ఫలితాలు ఇంకా రాకముందే త్రిపురాంతకం, దోర్నాల, ఎర్రగొండపాలెం పల్లెల్లో ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇళ్ల తలుపులు తడతారు. హాల్‌టికెట్ నంబరు రాసుకుంటారు. ఫీజులో ఇంత తగ్గిస్తామంటారు, బస్సు మీ ఊరి మీదుగానే పోతుందంటారు. తండ్రి అడిగేది ఒకటే మాట: "మావాణ్ని ఏ గ్రూపులో వేస్తే ఉద్యోగం వస్తుంది సార్?" జవాబూ ఒకటే, ఎంపీసీ. ఆడపిల్లయి మార్కులు బాగుంటే బైపీసీ. సీఈసీ, హెచ్ఈసీల పేరు ఎత్తేది చివర్న, అదీ గొంతు తగ్గించి. అమెరికాలో చాలామంది డిగ్రీ రెండో ఏట, పంతొమ్మిదీ ఇరవై ఏళ్లప్పుడు తమ ప్రధాన సబ్జెక్టేదో తేల్చుకుంటారు. మన దగ్గర పదిహేనేళ్లకే, వరండాలో అరగంట మాటల్లో తేలిపోతుంది.

ఈ ప్రశ్నకు ఇన్నేళ్లలో చాలామంది జవాబు చెప్పారు. ప్రభుత్వాలు పథకాలతో చెప్పాయి, కాలేజీలు ఫ్లెక్సీలతో చెప్పాయి, ఆర్థికవేత్తలు లెక్కలు వేసి చెప్పారు. అవన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచింది ఇది: "ఏ కోర్సు మంచిది" అని అడగడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది. ఏ ఉద్యోగానికి ఫలానా పట్టా తప్పనిసరి, ఏ ఉద్యోగానికి ఏ పట్టా అయినా సరిపోతుంది అన్నది ముందు విడదీసి చూసుకోవాలి. మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతివే.

దానికి ముందు భూగోళం సంగతి చెప్పాలి, ఎందుకంటే మా వైపు కోర్సును నిర్ణయించేది సగం బస్సు రూటే. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 దాకా కర్నూలు జిల్లావి. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పేరొచ్చాక కూడా రాకపోకల తీరు మారలేదు. గిద్దలూరుకు ఒంగోలు కంటే నంద్యాల దగ్గర. నల్లమల కనుమ దాటితే చాలు, గుంటూరు-గుంటకల్లు రైలు ఎటూ ఉంది. త్రిపురాంతకం పిల్లలు వినుకొండ, నరసరావుపేట, గుంటూరు వైపు పోతారు. మార్కాపురంలో ఎస్‌వీకేపీ డిగ్రీ కాలేజీ లాంటి పాతవీ, ఇంజనీరింగ్ కాలేజీలూ ఉన్నాయి కాబట్టి చుట్టుపక్కల మండలాలు అక్కడ చేరతాయి. ఒంగోలు చాలాకాలం ఎక్కువమందికి కలెక్టరాఫీసు ఉన్న ఊరుగా మాత్రమే ఉండేది.

ఇందులో ఒక మెలిక ఉంది, తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తుంది, కర్నూలు, నంద్యాల శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతంలోకి వస్తాయి. కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకే. ఎవరు స్థానికులన్నది ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు ఎక్కడ సాగిందో, అది తేలకపోతే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూసి తేలుస్తారు. గిద్దలూరు పిల్లవాణ్ని ఎనిమిదో తరగతి నుంచే నంద్యాల హాస్టల్లో వేస్తే, ఎంసెట్ కౌన్సెలింగ్ నాటికి వాడు తన సొంత జిల్లాలో స్థానికేతరుడు. అది లాభమో నష్టమో ఆ ఏటి ర్యాంకుల్ని బట్టి ఉంటుంది. కానీ తెలిసి చేయడం వేరు, తెలియక ఇరుక్కోవడం వేరు. (పరీక్ష పేరు 2021లోనే ఈఏపీసెట్ అయింది. ఊళ్లో ఇంకా ఎంసెట్టే.)

ఇక బతుకుదెరువు. ఇటు భూమి ఉన్నా నీళ్లు తక్కువ. కంది, మిరప, పత్తి, పొగాకు, బావి కింద బత్తాయి. మార్కాపురం పలక ఒకప్పుడు రాష్ట్రమంతా బళ్లకు వెళ్లేది. నోటుపుస్తకం వచ్చాక బడి పలక తగ్గింది, గోడలకీ కప్పులకీ వేసే పలకరాయి మిగిలింది. అవేవీ చాలక హైదరాబాద్, బెంగళూరుకు బేల్దారి పనులకు పోయే కుటుంబాలు వేలల్లో. ఇలాంటి చోట "చదువు" అంటే భూమిని నమ్ముకోనక్కర్లేకుండా చేసేది అని అర్థం. అందుకే జీతం ఎంతన్న దానికంటే నెలనెలా వస్తుందా లేదా అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. పట్నం వాళ్లు ఇచ్చే "నీకు నచ్చింది చదువుకో" అన్న సలహా ఇక్కడ చెల్లకపోవడానికి కారణం ఇదే. నచ్చింది చదివి నాలుగేళ్లు ఆగగలిగే స్తోమత ఎందరికుంది?

ప్రభుత్వాలు ఇచ్చిన జవాబుల్లో అన్నిటికంటే పెద్దది ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టింది, తర్వాతి ప్రభుత్వాలు పేర్లు మార్చి కొనసాగించాయి. ఉమ్మడి రాష్ట్రంలో కొద్ది ఏళ్లలోనే ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటాయి. ఈ పథకాన్ని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్. కానీ తండ్రి ఇటుకలు మోసి కట్టిన భవనంలోనే కొడుకు ల్యాప్‌టాప్‌తో కూర్చున్న ఇళ్లు మార్కాపురం డివిజన్‌లో ఉన్నాయి. ఆ పథకం లేకుండా అది జరిగేది కాదు. తప్పు వేరేచోట జరిగింది. డబ్బు విద్యార్థి ఎంపికను వెంబడించాల్సింది, ఎంపికే డబ్బును వెంబడించింది. రీయింబర్స్‌మెంట్ ఉన్న కోర్సే మంచి కోర్సు అయిపోయింది. బకాయిలు పేరుకున్న ఏడాది కాలేజీ ఫీజు మొత్తం కట్టమంటుంది, సర్టిఫికెట్లు బిగబడుతుంది, పిల్లవాడు ఉద్యోగానికి వెళ్లాల్సిన నెలలో ఆఫీసు గుమ్మం ముందు నిలబడతాడు. చేరే ముందు ఫీజు ఎంతని అడిగేవాళ్లే గానీ, ప్రభుత్వం ఆలస్యం చేస్తే మీరేం చేస్తారని అడిగేవాళ్లు తక్కువ.

ఇంజనీరింగ్‌లోనూ ఇప్పుడు ఒక్కటే బ్రాంచి నడుస్తోంది. 2024-25 నుంచి ఏఐసీటీఈ బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న పరిమితి ఎత్తేసింది. బాగా పేరున్న కాలేజీలు కంప్యూటర్ సైన్స్ సీట్లను ఎడాపెడా పెంచుకున్నాయి. దాని తోక పేర్లు, అంటే ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, కౌన్సెలింగ్ జాబితా నిండా కనిపిస్తాయి. సివిల్, మెకానికల్ చాలాచోట్ల ఖాళీ. పల్లె కాలేజీలో ఏఐ చెప్పడానికి మాస్టరెవరు అన్న ప్రశ్నకు జవాబు దొరకదు, ఎందుకంటే ఆ చదువు చదివినవాడు ఆ జీతానికి అక్కడికి రాడు.

ఈ పరుగు గురించి బయటి ప్రపంచం నుంచి ఒక మాట చెప్పుకోదగ్గది ఉంది. అమెరికాలో డేవిడ్ డెమింగ్, కదీమ్ నోరే అనే ఆర్థికవేత్తలు 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి చదివినవారికి మొదట్లో మిగతావారికంటే జీతం బాగా ఎక్కువే. కానీ ఆ తేడాలో సగానికి పైగా మొదటి పదేళ్లలోనే కరిగిపోతుంది. నేర్చుకున్న నైపుణ్యం పాతబడిపోతుంది, కొత్తది నేర్చుకొచ్చిన కుర్రాళ్లు పక్కన వచ్చి కూర్చుంటారు. అంటే సాఫ్ట్‌వేర్ వద్దని కాదు. బీటెక్ పట్టాతో చదువు ముగిసిందనుకునేవాడికి అది సరిపోయే వృత్తి కాదు. అమెరికా కల సంగతీ అంతే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టాక, ఎమ్మెస్ కోసం పొలం తాకట్టు పెట్టే తండ్రి ఆ లెక్క మళ్లీ వేసుకోవాల్సిందే.

పదో తరగతి మొదటి ర్యాంకర్లకు ఇంకో దారి ఉంది, ట్రిపుల్ ఐటీ. వీటిని నడిపే ఆర్‌జీయూకేటీ 2008లో మొదలైంది, ఒంగోలు క్యాంపస్ 2016లో వచ్చింది. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం, సర్కారు బళ్లలో చదివినవారికి అదనపు మార్కుల ఊతం, రెండేళ్ల పీయూసీతో కలిపి ఆరేళ్ల చదువు, హాస్టల్. మా మండలాల జిల్లా పరిషత్ బళ్ల నుంచి ఇంత నేరుగా పైకి తీసుకెళ్లిన మెట్టు మరొకటి లేదు. ఒక్కటే లోటు. అక్కడ చేరిన పిల్ల పదిహేనో ఏటే ఇంజనీరు కావడానికి సంతకం పెట్టినట్టు. జీవశాస్త్రం ఇష్టమైన పిల్ల కూడా "సీటు వచ్చింది, వదులుకోకూడదు" అన్న ఒక్క మాటతో అటే పోతుంది. సీటు రావడం అన్నది కారణం కాదని చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు.

ఇప్పుడు మొదట అన్న విభజనకు వస్తాను. పట్టా తప్పనిసరైన ఉద్యోగాలు ఎలా ఉంటాయో 2019 గ్రామ సచివాలయాల నియామకం కళ్లకు కట్టింది. లక్షా ఇరవై ఆరు వేలకు పైగా పోస్టులు, ఇరవై లక్షలు దాటిన దరఖాస్తులు, ఆ సెప్టెంబరులో పరీక్ష, అక్టోబరు 2న సచివాలయాలు మొదలు. అందులో పంచాయతీ కార్యదర్శి, సంక్షేమ సహాయకుడు లాంటి వాటికి ఏ డిగ్రీ అయినా చాలు. జనం అంతా వాటి మీదే పడ్డారు. గ్రామ వ్యవసాయ సహాయకుడికి మాత్రం వ్యవసాయ డిప్లొమానో బీఎస్సీ అగ్రికల్చరో ఉండాలి. పశుసంవర్ధక సహాయకుడికి పశువైద్య పాలిటెక్నిక్ డిప్లొమా లాంటిది ఉండాలి. సర్వేయరుకు సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ఐటీఐ, ఏఎన్ఎంకు ఆ శిక్షణ. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశువైద్య డిప్లొమా చేసిన కుర్రాడు, ఎంఎస్సీ చదివినవాడికి వీల్లేని పోస్టులో కూర్చున్నాడు. మొదట్లో నెలకు పదిహేను వేలే, నిజమే. కానీ ఇరవై ఏళ్లకే సర్కారు కొలువు, అదీ ఊరి దగ్గర. ఆ డిప్లొమా ఉందన్న సంగతే మా ఊళ్లలో అప్పటిదాకా ఎందరికి తెలుసు?

టీచరు ఉద్యోగం మరో ఉదాహరణ, కొంచెం చేదుది. బీఈడీ చేస్తే ఏ బడిలోనైనా చెప్పుకోవచ్చన్న నమ్మకంతో వేలమంది చేరారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక పాఠశాల టీచరు పోస్టుకు బీఈడీ అర్హత కాదని తేల్చింది. ఆ పోస్టు, అంటే ఎస్జీటీ, కావాలంటే ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఈఎల్ఈడీ ఉండాల్సిందే. స్కూల్ అసిస్టెంటుకు బీఈడీతోపాటు డిగ్రీలో ఆ సబ్జెక్టు కూడా ఉండాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వచ్చాయి. అయితే 2018 నోటిఫికేషన్ తర్వాత నియామకాల దాకా వెళ్లిన తర్వాతి డీఎస్సీ అదే. మధ్యలో ఏడేళ్లు. సరైన పట్టా ఉన్నా ఆ ఏడేళ్లు ఎలా గడపాలన్న ప్రణాళిక లేకపోతే, మనిషి ఒంగోలు కోచింగ్ సెంటర్ల గదుల్లో ముప్పై దాటేస్తాడు.

నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులూ ఇదే కోవలోవి. చట్టం అడిగే పట్టా అది, మరొకరు వచ్చి ఆ కుర్చీలో కూర్చోలేరు. ఫార్మసీలో కాలేజీలు మితిమీరి పెరిగాయి, జీతాలు పెరగలేదు. నర్సింగ్‌లో అలా కాలేదు. ఊళ్లో ఆసుపత్రి, హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రి, భాష నేర్చుకుంటే జర్మనీ దాకా ఆ పట్టా తీసుకెళ్తుంది. ఇక్కడ ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. కాలేజీ బస్సు ఇంటిముందుకొచ్చే కోర్సు, సాయంత్రానికి ఇల్లు చేరే కోర్సు, పెళ్లి సంబంధం వచ్చేలోపు అయిపోయే కోర్సు: ఈ మూడు లెక్కలతో తేలే చదువును మనం "వాళ్ల ఇష్టం" అంటున్నాం. కస్తూర్బా విద్యాలయంలో ఇంటర్ దాకా చదివించి, తర్వాత నర్సింగ్ హాస్టలుకు పంపడానికి వెనకాడే తల్లిదండ్రులకు నేను చెప్పేది, ఇంటి దగ్గర మూడేళ్ల డిగ్రీ కంటే దూరాన నాలుగేళ్ల నర్సింగ్ ఆ పిల్లకు ఎక్కువ భద్రత.

రెండో రకం ఏదైనా డిగ్రీ చాలనేవి: గ్రూప్-2, ఎస్సై, బ్యాంకులు, రైల్వేలో కొన్ని. వీటికి ఏ సబ్జెక్టు చదివారన్నది ఎవరూ అడగరు. కాబట్టి ఆ సబ్జెక్టు మీద మూడేళ్లు ఎంత బాగా కూర్చున్నారన్నదే మిగిలేది. గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం లాంటి చోట్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో బీఏ చేసేవాళ్లను జాలిగా చూడటం నాకు అర్థం కాదు. చరిత్ర, రాజ్యాంగం, ఆర్థికశాస్త్రం మూడేళ్లు శ్రద్ధగా చదివినవాడికి గ్రూప్-2 సిలబస్ సగం పాతదే. అదే చదువు బీటెక్ తర్వాత కోచింగ్‌లో లక్ష పోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఎందరు లేరు!

అయితే డిగ్రీనే ఈ మధ్య ఇష్టమొచ్చినట్టు కదిలించారు. 2020-21లో పది నెలల ఇంటర్న్‌షిప్, 2021-22లో అంతా ఇంగ్లిష్ మీడియం, 2023-24లో సింగిల్ మేజర్. ఒక్కోటి కాగితం మీద బాగుంది. తెలుగు మీడియంలో పన్నెండేళ్లు చదివిన పిల్లకు బీకాం రాత్రికి రాత్రి ఇంగ్లిష్ అయింది. పది నెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చేటన్ని సంస్థలు మార్కాపురంలో లేవు, కాబట్టి సర్టిఫికెట్ ఇచ్చే కంప్యూటర్ సెంటర్లు వచ్చాయి. పాత పద్ధతిలో ఎంపీసీ, బీజెడ్‌సీ లాంటి మూడు సబ్జెక్టుల డిగ్రీ ఉన్నవాడికి పీజీకీ, బీఈడీకీ రెండు మూడు దారులు ఉండేవి. ఒకే మేజర్ అనగానే దారి సన్నబడింది. చిన్న ఊళ్ల కాలేజీల్లో ఫిజిక్స్ మేజర్‌కు చేరేవాళ్లు లేక సెక్షన్ నడవదు, అందరూ కంప్యూటర్స్, కామర్స్ వైపే. సింగిల్ మేజర్ తీసుకునే పిల్లలు మైనర్‌గా ఏది తీసుకుంటున్నారో, దానితో బీఈడీలో ఏ మెథడాలజీ వస్తుందో చేరే రోజే కనుక్కోవాలి. ఇంటర్ బోర్డు మాత్రం 2025-26 నుంచి ఒక మంచి పని చేసింది. బైపీసీ వాళ్లు లెక్కలూ చదివే వీలు కల్పించింది. పదిహేనేళ్లకే ఒక తలుపు మూసేయడం కొంతయినా తగ్గుతుంది, ఆ రెండూ చెప్పగల కాలేజీ దొరికితే.

చదివిన సబ్జెక్టుకీ చేసే పనికీ ఎంత లంకె ఉంటుందని వేరే దేశాల్లో లెక్కలు తీశారు. అమెరికాలో జాన్ రాబ్స్ట్ 2007లో చూపినది: పట్టభద్రుల్లో ఇరవై శాతం మంది చదివినదానికి సంబంధమే లేని పనిలో ఉన్నారు, మరో పాతిక శాతానికి కొంతే సంబంధం. ఆ దేశంలోనే అంత తేడా ఉంటే మనవాళ్లు సిగ్గుపడాల్సింది లేదు. నార్వేలో కిర్కెబోయెన్, ల్యూవెన్, మోగ్‌స్టాడ్ 2016లో ప్రచురించిన పరిశోధన మరో మాట చెప్పింది. జీతాన్ని నిర్ణయించడంలో చదివిన రంగానిది పెద్ద చెయ్యి, కాలేజీది చాలా చిన్నది. దీన్ని యథాతథంగా ఇక్కడికి తేకూడదు. నార్వే కాలేజీల మధ్య తేడా తక్కువ. మన దగ్గర ఒకే బ్రాంచి, ఒకే యూనివర్సిటీ కింద, ఒక కాలేజీలో ల్యాబు ఉంటుంది, మరోదాంట్లో ల్యాబు బోర్డు ఉంటుంది.

ఇక ఇక్కడే ఉండి చేసే పనులు. శంకుస్థాపన రాయిని చూసి కోర్సు ఎంచుకోవద్దు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు పుట్టిన బిడ్డ బీటెక్ కూడా అయిపోయి ఉద్యోగంలో చేరే వయసు దాటాక, 2024 మార్చిలో సొరంగాలు జాతికి అంకితమయ్యాయి. అప్పటికీ పొలానికి నీళ్లు లేవు. మార్కాపురం మెడికల్ కాలేజీ ప్రభుత్వానిదిగా మొదలై పీపీపీ చర్చలోకి వెళ్లింది. కనిగిరి దగ్గర దివాకరపల్లెలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అవి పూర్తయితే మంచిదే, కానీ వాటి కోసం నాలుగేళ్ల చదువు పణం పెట్టలేం.

ఉన్నవాటిని మాత్రం మనం చూడటం లేదు. వాకిట్లో నల్లమల ఉంది, దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం నాగార్జునసాగర్-శ్రీశైలం ఇటే ఉంది. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరు పోస్టుకు బాటనీ, జువాలజీ, ఫారెస్ట్రీ లాంటి సైన్సు డిగ్రీలు అడుగుతారు, బీట్ ఆఫీసరుకు ఇంటర్ చాలు. దోర్నాల పిల్లలు సాఫ్ట్‌వేర్ పేర్లు గడగడా చెప్తారు, రేంజ్ ఆఫీసరుకు ఏం చదవాలో చెప్పలేరు. బత్తాయి, మిరప, కంది పండే నేలలో అగ్రికల్చర్ డిప్లొమా చేసినవాడికి సర్కారు ఉద్యోగం రాకపోయినా విత్తనం, ఎరువుల వ్యాపారమో, బిందుసేద్యం కంపెనీయో ఉంది. డిప్లొమా తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీకీ పోవచ్చు. పలకల ఫ్యాక్టరీలకు ఎగుమతి కాగితాలు చూసుకునే కామర్స్ కుర్రాడు కావాలి, వాళ్లు మనిషి దొరక్క బయటినుంచి తెచ్చుకుంటారు.

పదో తరగతిలో మధ్యస్థంగా మార్కులొచ్చిన పిల్లవాడికి, ఇంట్లో అప్పు ఉంటే, నేను చెప్పేది పాలిటెక్నిక్. పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, పద్దెనిమిదేళ్లకు చేతిలో పట్టా. అక్కడ ఆగితే ఉద్యోగం చేసుకోవచ్చు, ఆగకపోతే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏట చేరొచ్చు. రెండేళ్ల ఇంటర్ బట్టీ, దాని ఫీజు, ఎంసెట్ కోచింగ్ అన్నీ తప్పుతాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని దారులు తెరిచి ఉంచే చదువు మరొకటి నాకు కనిపించలేదు. అయినా పీఆర్వో ఆ మాట చెప్పడు, ఎందుకంటే పాలిటెక్నిక్‌కు పీఆర్వో ఉండడు.

ఆ మాట చెప్పే బాధ్యత జిల్లా పరిషత్ హైస్కూలుదే. ప్రతి మండలంలో జనవరిలో ఒక ఆదివారం, పదో తరగతి తల్లిదండ్రుల్ని పిలిచి, పాలిటెక్నిక్, వ్యవసాయ, పశువైద్య డిప్లొమాలు, నర్సింగ్, ట్రిపుల్ ఐటీ, ఇంటర్ గ్రూపులు, స్థానికత నిబంధన ఇవన్నీ తెలుగులో చెప్పడానికి విద్యాశాఖకు అదనపు బడ్జెట్ అక్కర్లేదు. అది జరిగేదాకా మీరే ఒక పని చేయండి. వెబ్ ఆప్షన్ పెట్టే ముందు ఆ కాలేజీకి వెళ్లండి. ఆఫీసులో అడక్కుండా హాస్టల్ దగ్గర మూడో సంవత్సరం పిల్లల్ని అడగండి: మీ బ్రాంచిలో ఎందరు చేరారు, బ్యాక్‌లాగ్ లేకుండా ఎందరున్నారు, పోయిన ఏడాది వెళ్లినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు.